తాడు పట్టే మనిషి

మన పిల్లల్ని చూసిన బయటివాళ్లు తరచుగా ఒక మాట అంటుంటారు. "మీవాళ్లకు ఎక్కడం రక్తంలోనే ఉంటుందండీ, పుట్టుకతోనే వస్తుంది" అని. పొగడ్తగానే అంటారు. తనిఖీకి వచ్చిన అధికారులు అంటారు, జలపాతాలు చూడ్డానికి వచ్చిన ట్రెక్కింగ్ వాళ్లు అంటారు, మాతో పనిచేసే మైదాన ప్రాంత ఉపాధ్యాయులూ అంటారు. వింటే సంతోషంగానే ఉంటుంది. కానీ పొగిడి మునగచెట్టు ఎక్కించడం అని మనకొక మాట ఉంది. మునగ కొమ్మ పెళుసు, బరువు ఆగదు. చెట్లెక్కే వాళ్లెవరూ దాన్ని నమ్మరు. "రక్తంలో ఉంది" అనే పొగడ్త కూడా అలాంటి కొమ్మే అని నాకు అనిపిస్తుంది. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం. మా బడి పిల్లలతో కలిసి బండలెక్కే ఆట దగ్గరికి వెళ్లాక ఈ ఆలోచన నాలో గట్టిపడింది.

నేను కోయ కుటుంబంలో పుట్టాను. మాది భద్రాచలం ఏజెన్సీలో అడవి అంచున ఉన్న ఊరు. టి.టి.సి. చదివి ఇరవై ఏళ్లకు పైగా గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెబుతున్నాను. ఆటల టీచర్ను కాను. తెలుగు, సాంఘికం చెప్పేదాన్ని. ఎత్తు చూస్తే నాకు కాళ్లు వణుకుతాయి. అయినా ఎక్కడం గురించి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా అయ్య కొండ తేనె తీసేవాడు.

మా అయ్యకు ఆ పని పుట్టుకతో రాలేదు. ఏడెనిమిదేళ్ల వయసులో మేకలకు కొమ్మ కొట్టడానికి చిన్న చెట్లెక్కాడు. ఆ తర్వాత చింత. చింత కొమ్మ సన్నగా ఉన్నా మనిషిని ఆపుతుందని, ఎండు కొమ్మ ఎంత లావున్నా నమ్మకూడదని పెద్దవాళ్లు చెట్టు కింద నిలబడి చెబుతుంటే నేర్చుకున్నాడు. తర్వాత తాడి, జీలుగు. ఊళ్లో మగపిల్లలు మీసాలొచ్చే వయసుకు గానీ తేనె కొండ దగ్గరికి వెళ్లేవాళ్లు కాదు. వెళ్లినా వెంటనే దిగనిచ్చేవాళ్లు కాదు. మొదటి రెండేళ్లు కొండ పైన కూర్చుని తాడు చూడటమే పని. గాలి ఎటు వీస్తోంది, పొగ ఎటు పోతోంది, తేనెటీగలు ఎప్పుడు లేస్తాయి, కింద ఉన్న మనిషి తాడు ఒకసారి గుంజితే ఏమిటి, రెండుసార్లు గుంజితే ఏమిటి, ఇవన్నీ చూసి చూసి నేర్చుకోవాలి. అంటే పది పన్నెండేళ్ల చదువు. మన బడిలో ఒకటి నుంచి పది దాకా ఎంత కాలమో అంత.

తాడు కూడా వాళ్లే పేనుకునేవాళ్లు. అడ్డ తీగ నార తీసి, నానబెట్టి, మూడు పేటలు వేసి పేనేవాళ్లు. పేనిన తాడుకు ఇద్దరు మనుషులు వేలాడి చూసేవాళ్లు. ఏడాది దాటిన తాడుతో కొండ దిగేవాళ్లు కాదు. దాన్ని పశువులకు కట్టేవాళ్లు.

ఇంకో కట్టుబాటు ఉండేది. కొండ దిగే మనిషికి పైన తాడు పట్టేది బావమరిది. అన్నదమ్ములకు ఆ పని ఇచ్చేవాళ్లు కాదు. ఎందుకని చిన్నప్పుడు మా అమ్మను అడిగాను. "భూమి దగ్గర అన్నదమ్ములకు పేచీ రావచ్చు. అక్క ముండమోయాలని ఏ తమ్ముడూ కోరుకోడు" అంది. నీలగిరుల్లో తేనె తీసే ఆదివాసుల్లో కూడా ఈ కట్టుబాటు ఉందని తర్వాత చదివి ఆశ్చర్యపోయాను. ఎంత దూరంలో ఉన్న జనాలు ఒకే ప్రశ్నకు ఒకే జవాబు కనుక్కున్నారో చూడండి. ప్రాణం ఎవరి చేతిలో పెట్టాలనేది వాళ్ల ప్రశ్న.

మా అయ్యకు తాడు పట్టేది మా మేనమామ. నేను హాస్టల్లో ఏడో తరగతి చదువుతున్నప్పుడు, ఒక మే నెలలో, మామ తునికాకు కల్లం పనికి వెళ్లాడు. తేనె ముదిరిపోతుందని అయ్య ఒక్కడే వెళ్లాడు. తాడును పైన చెట్టుకు కట్టి దిగాడు. తాడు బండ అంచుకు ఒరుసుకుంటూ ఉంది. పైన మనిషి ఉంటే చూసేవాడు, అంచు మీద మెత్తగా ఆకుల కట్టో, పాత గోనెసంచో వేసేవాడు. ఆ రోజు చూసేవాళ్లు లేరు. మూడు నిలువుల ఎత్తు నుంచి పడ్డాడు. నడుం దగ్గర ఎముక విరిగింది. మంచానికి కట్టి మోసుకెళ్లారు. బతికాడు గానీ మళ్లీ కొండ దిగలేదు, కర్ర లేకుండా నడవలేదు.

ఆ ఏడాది నా చదువు ఆగిపోవాల్సింది. మా మామ ఆపనివ్వలేదు. సెలవులయ్యాక నన్ను హాస్టల్‌కు తీసుకెళ్లి దిగబెట్టింది ఆయనే, టి.టి.సి. ఫీజు కోసం ఎడ్లు అమ్మిందీ ఆయనే.

అయ్య పడిన సంగతి చుట్టుపక్కల అందరికీ తెలిసింది. ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "వాళ్లకు ఎక్కడం అలవాటే కదా, ఏదో కాలు జారి ఉంటుంది" అన్నారు. ఎక్కడం రక్తంలో ఉందంటే పడటం కూడా మన తలరాతలో ఉన్నట్టే లెక్క. గనిలో, ఫ్యాక్టరీలో మనిషి పడితే అది ప్రమాదం. దానికి కారణం వెతుకుతారు, పరిహారం అడుగుతారు. తేనె కొండ మీద నుంచో, చింతచెట్టు మీద నుంచో మనవాడు పడితే దానికి లెక్క లేదు. 1956 నుంచి గిరిజన సహకార సంస్థ మన దగ్గర అటవీ ఉత్పత్తులు కొంటోంది. సీసాలో తేనెకు పేరుంది. దాన్ని దించిన మనిషి తాడు సంగతి మాత్రం అతని ఇంటి సంగతిగానే ఉండిపోయింది.

ఇక బండలెక్కే ఆట సంగతి. మా ప్రాంతానికి నడక కోసం వచ్చే హైదరాబాదు మిత్రులు కొందరు మా పిల్లల్ని ఒకసారి పంపమని అడిగారు. వాళ్లంతా కలిసి చందాలతో, వంతుల వారీగా పనిచేస్తూ ఒక క్లైంబింగ్ గోడ నడుపుకుంటున్నారు. సంక్రాంతి సెలవుల తర్వాత, ఎండలు ముదరకముందు, ఎనిమిది తొమ్మిది తరగతుల పిల్లలు పద్నాలుగు మందిని తీసుకెళ్లాం. ఎనిమిది మంది ఆడపిల్లలు, ఆరుగురు మగపిల్లలు. ప్రతి ఇంటికీ వెళ్లి తల్లిదండ్రుల సంతకాలో, వేలిముద్రలో తీసుకున్నాను. ఒక అమ్మాయి తల్లి ఒప్పుకోలేదు. "ఆడపిల్లను రాళ్లెక్కిస్తే, ఏమన్నా అయితే పూచీ ఎవరిది పంతులమ్మా?" అంది. న్యాయమైన ప్రశ్న. "నువ్వు కూడా రా అక్కా, నీ కళ్లతో చూడు. వద్దనిపిస్తే అక్కడే ఆపేద్దాం" అన్నాను. ఆమె కూలి మానుకొని మాతో బస్సెక్కింది.

క్లైంబింగ్ జిమ్ చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. పెద్ద రేకుల షెడ్డు. లోపల మందపాటి చెక్కలతో నిలువు గోడలు, కొన్ని ముందుకు వాలి ఉంటాయి. వాటి మీద రంగురంగుల ముద్దలు బోల్టులతో బిగించి ఉంటాయి. వాటిని హోల్డులు అంటారు. కొన్ని చెయ్యి నిండా దొరుకుతాయి, కొన్ని వేలి కొసకే అందుతాయి. ఒకే రంగు ముద్దలు పట్టుకుని కింది నుంచి పైదాకా వెళితే అది ఒక దారి. పసుపు తేలిక, నలుపు కష్టం, ఇలా దారుల్ని కూడా తరగతుల్లాగా విడగొడతారు. రెండు మూడు నిలువుల ఎత్తున్న గోడకు తాడు అక్కర్లేదు. కింద మందంగా పరుపులు ఉంటాయి. దాన్ని బౌల్డరింగ్ అంటారు. పెద్ద గోడకు తాడు తప్పదు. ఎక్కే మనిషి నడుముకు, తొడలకు పట్టీలు, అంటే హార్నెస్ కడతారు. తాడును ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేసి దానికి కడతారు. ఆ తాడు పైన ఇనుప కొక్కెం మీదుగా మళ్లీ కిందికి వస్తుంది. కింద ఇంకో మనిషి దాన్ని పట్టుకుంటాడు. ఎక్కేవాడు పైకి వెళుతున్న కొద్దీ వదులు లాగుతూ ఉంటాడు. ఎక్కేవాడి చెయ్యి జారితే తాడు అక్కడే బిగుసుకుంటుంది, మనిషి అక్కడే వేలాడతాడు. తాడు పట్టడాన్ని బిలే చేయడం అంటారు.

ఎక్కే ముందు ఒకరినొకరు పరీక్షించుకోవాలి. ఎక్కేవాడి ముడిని పట్టేవాడు చూడాలి. పట్టేవాడి పట్టీని, కొక్కేన్ని ఎక్కేవాడు చూడాలి. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నా ఇది మానకూడదట. తర్వాత మాటలు. "పట్టుకున్నావా?" "పట్టుకున్నాను." "ఎక్కుతున్నా." "ఎక్కు." ఈ నాలుగు మాటలు అయ్యాకే కాలు గోడ మీద పెట్టాలి. వాళ్లు ఇంగ్లీషులో అంటుంటే మా పిల్లలు మొదటి గంటలోనే కోయలోకి మార్చేసుకున్నారు. ఆ షెడ్డులో మన మాట అంత గట్టిగా వినిపించడం నాకు కొత్త.

మా పిల్లలు బాగా ఎక్కారా అంటే కొందరు ఎక్కారు, కొందరు సగంలో ఏడ్చి దిగారు. రక్తంలో ఉంటే అందరికీ సమానంగా రావాలి కదా. చెట్లెక్కే ఇళ్ల పిల్లలకు కాళ్ల మీద బరువు వేయడం తెలుసు. హాస్టల్లో ఐదో ఏట నుంచి పెరిగి, చెట్టు ముట్టుకుంటే దెబ్బలు తిన్న పిల్లలకు తెలియదు. వాళ్లు కూడా పట్నం పిల్లల్లాగే చేతులతో వేలాడి, రెండు నిమిషాల్లో మోచేతులు బిగుసుకుపోయి దిగారు. శిక్షకుడు వాళ్లకు చెప్పింది మా అయ్య చెప్పే మాటే. చేతులు పట్టుకోవడానికి, ఎక్కడానికి కాళ్లు. చేతులు చాచి ఉంచాలి, నడుము గోడకు దగ్గరగా పెట్టాలి, పాదం మొత్తం కాకుండా బొటనవేలి అంచు మీద నిలబడాలి. రెండో రోజుకు హాస్టల్ పిల్లలు కూడా పసుపు దారులు దాటారు.

మా వాళ్లలో ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడు ఉన్నాడు. పేరు రాయను. తరగతిలో నోరు విప్పడు. తెలుగు ఇప్పటికీ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాడు. "ఎక్కే ముందు కింద నిలబడి దారిని చదవాలి" అని శిక్షకుడు చెప్పాడు. అంటే ఏ ముద్ద ఏ చేతికి, ఏ కాలు ఎక్కడికి అని కళ్లతో ముందే లెక్క వేసుకోవాలి. మిగతా పిల్లలు ఉరికి ఎక్కేస్తుంటే వీడు ఐదారు నిమిషాలు గోడ ముందు నిలబడి గాల్లో చేతులు ఆడించాడు. తర్వాత ఎక్కడా ఆగకుండా ఎక్కాడు. దిగాక, తోటి అమ్మాయి సగంలో ఆగిపోతే, కింద నుంచి "ఎడమ కాలు మోకాలి దగ్గరికి తెచ్చుకో, ఇప్పుడు లే" అని దారి చెప్పాడు. వాడి నోట అన్ని మాటలు ఒకేసారి నేను అంతకుముందు వినలేదు. శిక్షకుడు నా దగ్గరికి వచ్చి మెచ్చుకుంటూ అన్నాడు. "ఎంతైనా మీవాళ్లకు రక్తంలోనే ఉంది మేడం."

మంచి మనిషి. ఆయనతో నేను వాదించలేదు గానీ వాడి ఇంటి సంగతి చెప్పాను. వాడి తాత, తండ్రి జీలుగు కల్లు గీస్తారు. నాలుగేళ్ల నుంచి వాడు సెలవుల్లో చెట్టు కింద నిలబడి లొట్టి అందుకుంటున్నాడు. కింద నుంచి చూసి చూసి ఎక్కడం చదువుకున్నాడు. "అంటే వాడికి కోచింగ్ ఎప్పుడో మొదలైంది" అని ఆయన నవ్వాడు. అదే నేను చెప్పాలనుకున్నది.

ఇలాంటి గోడలు ఎక్కువగా డబ్బున్నవాళ్ల ఆటస్థలాలే. గంటకు ఇంత అని రుసుము, బూట్లకు వేరే అద్దె. అయితే వేరే దారి కూడా ఉంది. అమెరికాలో మెంఫిస్ నగరంలో, నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఉండే పేద పేటలో, 2018లో మెంఫిస్ రాక్స్ అనే క్లైంబింగ్ జిమ్ మొదలైంది. అక్కడ ఎవరు ఇవ్వగలిగినంత వాళ్లు ఇస్తారు, డబ్బు లేదని ఎవరినీ వెనక్కి పంపరు. మేము వెళ్లిన చోట కూడా మా పిల్లల దగ్గర రుసుము తీసుకోలేదు. చివరి రోజు పిల్లలే పరుపులు దులిపి, షెడ్డు ఊడ్చి వచ్చారు. ఊరికే తీసుకున్నట్టు ఉండకూడదని వాళ్లంతట వాళ్లే అనుకున్నారు.

మూడో రోజు భువనగిరి వెళ్లాం. హైదరాబాదుకు యాభై కిలోమీటర్ల లోపే. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద త్రిభువనగిరి అయి, భువనగిరి అయిందని చెబుతారు. కోట కన్నా ఆ గుట్టే పెద్ద వింత. అంతా ఒకే రాయి, దాదాపు 500 అడుగుల ఎత్తు. ఆ ప్రాంతపు గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గోడ మీద లాగా రంగు ముద్దలు ఉండవు. రాయే దారి చూపించాలి. ఏటవాలు బండ మీద పట్టుకోవడానికి ఏమీ దొరకదు, పాదం రాపిడే ఆధారం. భయపడి బండకు కరుచుకుంటే పాదం మీద బరువు తగ్గి జారుతుంది. నిటారుగా నిలబడి, మడమ దించి, బరువంతా పాదం మీద వేస్తే రాయి ఆపుతుంది. చెప్పులు లేకుండా వాగుబండల మీద తిరిగిన పిల్లలకు ఇది వెంటనే అర్థమైంది.

ఆ గుట్ట మీద తాళ్లు కడుతుంటే పిల్లలకు పూర్ణ కథ చెప్పాను. మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల తండా ప్రాంతపు అమ్మాయి, గురుకుల విద్యార్థిని. సాధనపల్లి ఆనంద్ కుమార్ అప్పటి ఖమ్మం జిల్లా దళిత కుటుంబపు అబ్బాయి, అతనూ గురుకుల విద్యార్థే. వాళ్లిద్దరూ మొదట తాడు పట్టింది ఈ భువనగిరి బండ మీదే. సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి వందమందికి పైగా పిల్లలకు ఇక్కడ శిక్షణ ఇచ్చారు. వాళ్లలో కొందరిని డార్జిలింగ్ పంపారు, తర్వాత లడఖ్ చలిలో నడిపించారు. అలా వడపోసి వడపోసి ఇద్దరిని ఎంపిక చేశారు. 2014 మే 25న ఆ ఇద్దరూ ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. నేపాల్ వైపు నుంచి పదహారేళ్లలోపు వాళ్లకు అనుమతి లేదు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కారు. 2022 నాటికి పూర్ణ ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలన్నీ పూర్తిచేసింది.

ఈ కథ మనం పిల్లలకు ఎలా చెబుతున్నామో ఆలోచించండి. ధైర్యం ఉంటే ఏదైనా సాధించవచ్చు అని చెప్పి ఆపేస్తున్నాం. ధైర్యం ఉంది, నిజమే. దాంతోపాటు నెలల తరబడి శిక్షణ ఉంది, శేఖర్ బాబు లాంటి శిక్షకులు ఉన్నారు, ఖర్చు భరించిన సంస్థ ఉంది, ఆక్సిజన్ ఉంది, షెర్పాలు ఉన్నారు. షెర్పాలు కూడా ఒక కొండజాతి వాళ్లే. వాళ్ల గురించి కూడా ప్రపంచం ఇదే మాట అంటుంది, రక్తంలో ఉందని. ఎత్తైన చోట తరతరాలుగా బతకడం వల్ల వాళ్ల ఒంటికి పలుచటి గాలిని తట్టుకునే శక్తి కొంత ఉన్న మాట నిజం. కానీ మంచుగడ్డ మీద నిచ్చెన వేయడం, తాడు కట్టడం ఒంట్లోంచి రావు, నేర్చుకుంటేనే వస్తాయి. 2014లోనే, పూర్ణ ఎక్కడానికి నెల ముందు, ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు కూలి 16 మంది పనివాళ్లు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది షెర్పాలు. రక్తం వాళ్లను కాపాడలేదు. బరువులు మోసే వాళ్లకు బీమా, పరిహారం పెంచాలని వాళ్లు గట్టిగా అడిగింది అప్పుడే.

భువనగిరిలో శిక్షకుడు పైన తాడు కడుతూ, బండ అంచున తాడు ఆనే చోట పాత జంపఖానా ముక్క మడిచి పెట్టాడు. రద్దన్న తల్లి, అదే కూలి మానుకొని వచ్చిన అక్క, అదెందుకని అడిగింది. ఆయన చెప్పేలోపు నేనే చెప్పాను. మా అయ్య సంగతి కూడా చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. కూతురి వంతు వచ్చినప్పుడు "వెనక తాడు నేను పడతా" అంది. శిక్షకుడు బిలే చేస్తుంటే, ఆయన వెనక నిలబడి తాడు కొసను చేతికి చుట్టుకోకుండా ఎలా పట్టాలో నేర్చుకుని పట్టింది. అమ్మాయి నలభై అడుగులు ఎక్కి దిగింది. తల్లి కళ్లు మాత్రం ఎక్కేదాకా, దిగేదాకా తాడు మీదే ఉన్నాయి.

ఇప్పుడు మొదటి మాటకు ఇంకో వైపు చూడండి. "ఎక్కడం మీ రక్తంలో ఉంది" అనే నోటితోనే "చదువు మీవాళ్ల రక్తంలో లేదు" అంటారు. ముందుది మన ముఖం మీద అంటారు, రెండోది స్టాఫ్ రూంలో అంటారు. రెండూ ఒకే నమ్మకం నుంచి వచ్చినవి. మొదటిదానికి మురిసిపోతే రెండోదానికి జవాబు చెప్పలేం. లెక్కలు రాని పిల్లవాడిని చూసి "వీడికింతే" అనే ఉపాధ్యాయుడు, గోడ సగంలో వణుకుతున్న పిల్లవాడిని చూసి తాడు వదిలేసే మనిషి లాంటివాడే. గోడ మీద పిల్లవాడు జారితే అక్కడే ఆగుతాడు. ఊపిరి పీల్చుకుని, జారిన చోటు నుంచే మళ్లీ ఎక్కుతాడు. మన బడుల్లో జారిన పిల్లవాడు నేల మీద పడతాడు. ఎనిమిదిలో జారినవాడు మిర్చి చేల కూలికి వెళతాడు, తొమ్మిదిలో జారిన అమ్మాయి పెళ్లికి వెళుతుంది. పండగ సెలవులకు వెళ్లి తిరిగి రాని పిల్లవాడి ఇంటికి రెండో రోజునే వెళ్లడం తాడు పట్టడమే. నెల తర్వాత వెళితే అప్పటికే నేల మీద ఉంటాడు. నాకు మా మామ పట్టాడు కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను.

ఉపాధ్యాయులకు కొన్ని పనికొచ్చే సంగతులు. మా బడిలో తాళ్లతో ఎక్కించడం లేదు. శిక్షణ పొందిన మనిషి లేకుండా తాడు జోలికి వెళ్లకూడదు. ప్రహరీ గోడకు ఒక వైపు, మేస్త్రితో రాతి ముక్కలు పొదిగించాం. కాళ్లు పెట్టే రాళ్లు మోకాలి ఎత్తు దాటవు. కింద మందంగా ఇసుక పోశాం. పిల్లలు పైకి ఎక్కరు, నేల తాకకుండా పక్కకు నడుస్తారు. ముప్పై అడుగులు అలా నడిస్తే పెద్దవాళ్లకు కూడా చెమట పడుతుంది. రాళ్ల మీద అక్షరాలు రాశాం. ఒక మాట చెబితే ఆ అక్షరాలు వరసగా పట్టుకుంటూ వెళ్లాలి. కోయలో నీళ్లను "ఏర్" అంటాం, తెలుగులో ఏరు అంటే వాగు. ఆ రెండు మాటల పోలిక మీద ఒక పూట తరగతి నడిచింది. నేను చెప్పిన ఎనిమిదో తరగతి పిల్లవాడు అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కలు మళ్లీ తప్పాడు. కానీ ఈసారి పేపరు తెచ్చి ఎక్కడ తప్పాడో అడిగాడు. అంతకుముందు పేపరు చింపేసేవాడు.

మన ఊళ్ల దగ్గర బండలున్నాయి కదా, అక్కడే ఎక్కుదాం అని యువకులు అడుగుతున్నారు. రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి రాయి సంగతి. హైదరాబాదు, భువనగిరి వైపు గట్టి గ్రానైట్. మా గోదావరి లోయలో, బొగ్గు దొరికే ప్రాంతాల్లో చాలాచోట్ల ఇసుకరాయి. అది వానకు తడిస్తే బలం తగ్గి, పట్టుకున్న చోట ఊడిపోతుంది. పైకి ఎండినట్టు కనిపించినా లోపల రోజుల తరబడి తడి ఉంటుంది. తేనెపట్లు ఉన్న కొండ దగ్గరికి ఆట కోసం అసలే వెళ్లకూడదు.

రెండోది మన దేవతల సంగతి. ఏ గుట్ట మీద వేల్పు ఉందో, ఏ బండను ఏ గోత్రం వాళ్లు కొలుస్తారో పెద్దల్ని అడగకుండా అక్కడ మేకు దిగ్గొట్టే హక్కు ఎవరికీ లేదు, మన పిల్లలకు కూడా. ఆస్ట్రేలియాలో ఉలూరు అనే పెద్ద ఎర్రబండ అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు పవిత్రం. ఎక్కవద్దని వాళ్లు ఏళ్ల తరబడి అడిగినా పర్యాటకులు గొలుసు పట్టుకుని ఎక్కుతూనే ఉన్నారు. చివరకు 2019 అక్టోబర్ 26న ఎక్కడం పూర్తిగా ఆపేశారు. 1985లో ఆ భూమి అనంగు ప్రజలకు తిరిగి దక్కిన తేదీ కూడా అదే. మన దగ్గర 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు తన ఆచారాల్ని, ఉమ్మడి వనరుల్ని కాపాడుకునే అధికారం ఇచ్చింది. రేపు సాహస పర్యాటకం పేరుతో ఎవరైనా వస్తే, ఏ బండ ఎక్కవచ్చు, ఏది ఎక్కకూడదు, వచ్చిన డబ్బులో ఊరికి ఎంత, శిక్షకులుగా ఎవరిని పెట్టాలి అనేవి గ్రామసభలో తేలాలి. దానికి ముందే ఊరు మాట్లాడుకుని ఉండాలి.

యువకులకు ఒక మాట. ఇందులో బతుకుతెరువు ఉంది. డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ 1954 నుంచి, ఉత్తరకాశీలో నెహ్రూ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ 1965 నుంచి శిక్షణ ఇస్తున్నాయి. మొదట బేసిక్ కోర్సు, దాదాపు నాలుగు వారాలు. అందులో ఎ గ్రేడు వస్తే అడ్వాన్స్, ఆ తర్వాత శిక్షకుల కోర్సు. ఆట వైపు చూస్తే, టోక్యో నుంచి ఒలింపిక్స్‌లో గోడలెక్కే పోటీ ఉంది. 2024 పారిస్‌లో పదిహేను మీటర్ల గోడను ఇండోనేషియాకు చెందిన వెడ్రిక్ లియోనార్డో 4.75 సెకన్లలో ఎక్కి బంగారు పతకం గెలిచాడు. పదిహేను మీటర్లంటే మంచి తాడిచెట్టు ఎత్తు. అతను ఆ ఒక్క గోడను కొన్ని వేలసార్లు ఎక్కి ఉంటాడు. మనవాళ్లకు కావలసింది అలాంటి ఒక గోడ, నేర్పే ఒక మనిషి, వారానికి కొన్ని గంటలు. ఐ.టి.డి.ఎ. ఆటల మైదానాల్లో వాలీబాల్ కోర్టు పక్కన ఒక క్లైంబింగ్ గోడ అడగడం అత్యాశ కాదు. అడిగేటప్పుడు "మాకు రక్తంలో ఉంది" అని అడగొద్దు. గోడతో పాటు శిక్షకుడిని, ఏటా మార్చే తాళ్లను, బీమాను అడగండి.

ఈ పుస్తకం చదివే టీచర్లకు, పిల్లలకు చివరగా ఒక పని చెబుతాను. మీ ఊళ్లో తాడు దేనితో పేనేవాళ్లు, ఏ ముడికి ఏ పేరు, పైవాడికి కిందివాడు ఏ మాటతో, ఏ సైగతో చెప్పేవాడు, ఎవరి తాడు ఎవరు పట్టేవాళ్లు అనేది మీ ఇంటి పెద్దల్ని అడిగి, మీ భాషలో మాటలతో సహా రాసి పెట్టండి. మా అయ్య పోయాక మా ఊళ్లో ఈ సంగతులు తెలిసినవాళ్లు ఇద్దరే మిగిలారు. ఒకరు మా మామ, ఆయనకు ఇప్పుడు సరిగా వినపడదు. ప్రతి ఆదివారం మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు ఆయన దగ్గర కూర్చుని అడ్డ నార పేనడం నేర్చుకుంటున్నారు, ముడుల పేర్లు నోటు పుస్తకంలో రాసుకుంటున్నారు. ఇప్పటికి పదకొండు ముడులు అయ్యాయి.